పూజయు పోషణయు

వస్తువును సంపాదించుట ఒక ఎత్తు, దానిని నిలుపుకొనుట మరియొక ఎత్తు. సంపాదించుటకు ధనము చాలును. ఒక్కొక్కప్పుడు తండ్రితాతలు కూడబెట్టినది చేతికి వచ్చినను చాలును. నిలుపుకొనుటకు మాత్రము మెలకువ కావలెను, ఓర్పు కావలెను, చేసిన పనినే మరల మరల చేయుటకు విసుగు చెందని మనస్సు కావలెను. లోకములో మొదటిదానికి ఉన్న పేరు రెండవదానికి లేదు. క్రొత్త ఇల్లు కట్టినవానిని నలుగురును మెచ్చుకొందురు. ప్రతి ఏడు వానలకు ముందు ఇంటికప్పు ఎక్కి తూము శుభ్రము చేయువానిని ఎవరును మెచ్చుకొనరు. అయినను ఆ ఇల్లు నిలచుట ఈ రెండవవాని వలననే. ఈ సంగతిని విచారించుటకు తగిన ఉదాహరణము ఒకటి తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములలో కొన్ని లోగిళ్ళయందు కలదు. అది పాత మోటారుకారు.

దసరా దినములలో ఆయుధపూజనాడు ఇట్టి కారును చూడవలెను. తెల్లవారుజాముననే దానిమీది గుడ్డ తీసి, నీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, మెరయునట్లు చేయుదురు. ముందు అద్దమునకు పసుపు కుంకుమలు, బానెటుమీద బంతిపూల దండ, చక్రముల క్రింద నిమ్మకాయలు. ఇంటిపెద్ద కర్పూరహారతి పట్టును. గుమ్మడికాయ పగులును. పిల్లలు పోటీపడి హారను మ్రోగింతురు. మరునాడు ఆ గుడ్డ మరల కప్పబడును. సంక్రాంతికి అల్లుడు వచ్చినప్పుడు ముచ్చటపడి తాళపుచెవి త్రిప్పగా "టక్కు" మను చప్పుడు తప్ప మరేమియు వినరాదు. వీధిలోని కుర్రవాండ్రను పిలిచి వెనుకనుండి త్రోయింతురు. అదియు సాగకున్న మెకానిక్కునకు కబురు పోవును. "పండుగపూట కారు పాడైనది" అని ఇంటివారు అందురు. నిజమునకు అది పండుగనాడు పాడుకాలేదు. పూజ జరిగిన మరునాటి నుండియు, దినమునకు కొంచెము చొప్పున, ఎవరికిని తెలియకుండ పాడగుచునే వచ్చినది.

ఇచ్చట ఒక ధర్మప్రశ్న ఎదురగుచున్నది. ఏడాదికి ఒకనాడు పూజింపబడి తక్కిన దినములలో మరువబడిన వస్తువు గౌరవింపబడినట్లా, నిర్లక్ష్యము చేయబడినట్లా? అంతకుముందు మరియొక ప్రశ్న కలదు. జడమైన యంత్రమునకు మనుష్యుడు బాధ్యుడగునా?

యంత్రమునకు ప్రాణము లేదు, నొప్పి లేదు. కనుక దానియెడ ధర్మము లేదని కొందరందురు. ఈ మాటలో కొంత సత్యము లేకపోలేదు. ఇనుమునకు ఎవరును ఋణపడియుండరు. కాని యంత్రము కేవలము ఇనుము కాదు. గనిలో త్రవ్వినవాని చెమట, కర్మాగారములో పోతపోసినవాని నేర్పు, ఏండ్లతరబడి దానిని బాగుచేసిన చేతుల శ్రమ అందులో దాగియున్నవి. ఆ యంత్రము రోడ్డుమీదికి వచ్చినప్పుడు ఎదుట నడచువారి ప్రాణములు దాని బ్రేకులమీద ఆధారపడియుండును. దాని పొగ ఇరుగుపొరుగువారి ఊపిరిలోనికి పోవును. కావున యంత్రపోషణ అనునది యంత్రముయెడ కాదు, యంత్రము వెనుకను ముందును ఉన్న మనుష్యులయెడ ధర్మము.

పాతకారు విషయములో ఈ ధర్మము మరింత బరువైనది. బ్రిటిషువారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనానుండి పుట్టిన అంబాసిడరు కారును హిందూస్థాన్ మోటార్సువారు పశ్చిమబెంగాలులోని ఉత్తరపారా కర్మాగారములో 1950ల చివరినుండి 2014 వరకు తయారుచేసిరి. 1964లో ఫియట్ 1100 డిలైట్ అను పేర వచ్చిన కారు తరువాత ప్రీమియర్ పద్మిని అయినది. ఇప్పుడు ఈ రెండును తయారగుట లేదు. ఒక భాగము అరిగినచో అంగడిలో అడిగినంతనే దొరకునను ధీమా లేదు. విజయవాడలోని ఆటోనగరు వంటి చోట్ల వెదకి తేవలెను, లేదా చేతిపని తెలిసినవానిచేత చేయించుకొనవలెను. దొరకనిదానిని పాడుచేయుట దొరకుదానిని పాడుచేయుటకంటె పెద్ద తప్పు.

మొదట బ్యాటరీ సంగతి చూడవలెను. సీసపు పలకలను గంధకామ్లములో ఉంచి విద్యుత్తును నిలువచేయు ఈ సాధనమును 1859లో ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ప్లాంటే కనుగొనెను. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912లో అమెరికాలో కాడిలాక్ కార్లలో అమర్చబడిన తరువాత, చేతితో హ్యాండిలు త్రిప్పు శ్రమ తగ్గి, ఆ భారము బ్యాటరీమీద పడినది. పన్నెండు వోల్టుల బ్యాటరీలో ఆరు గదులుండును. నిండుగా చార్జి అయి విశ్రాంతిగా ఉన్నప్పుడు అది సుమారు 12.6 వోల్టులు చూపును. 12 వోల్టులకు దిగినదనిన దాదాపు ఖాళీ అయినట్లే. హైడ్రోమీటరుతో చూచినచో నిండు బ్యాటరీలోని ఆమ్లపు సాంద్రత 1.260, 1.280ల మధ్య ఉండును.

ఈ బ్యాటరీ స్వభావములో గమనింపదగిన విశేషమొకటి కలదు. వాడుటచేతనే కాక వాడకపోవుటచేతను అది క్షీణించును. పనిలేక నిలచియున్నను తనంతట తాను కొంచెము కొంచెముగా చార్జి కోల్పోవును. ఎండవేడిమి హెచ్చినకొలది ఆ క్షయము వేగమగును. చార్జి తగ్గిన స్థితిలో అట్లే వదలినచో పలకలమీద సీసపు సల్ఫేటు పేరుకొనును. ఆ పొర క్రొత్తదిగా ఉన్నప్పుడు చార్జి చేసిన కరగిపోవును. నెలలు గడచి గట్టిపడిన తరువాత ఎంత విద్యుత్తు పంపినను కరగదు. మనుష్యుని అలసత్వము కూడ ఇట్టిదే. మొదటి వారము సరిదిద్దుకొనదగిన లోపము ఆరవ నెలకు స్వభావమగును.

బ్యాటరీకి చేయవలసిన సేవ కష్టమైనది కాదు. గదులలోని ద్రవము పలకలను కప్పియున్నదో లేదో నెలకొకసారియైనను, వేసవిలో పదునైదు దినములకొకసారియైనను చూడవలెను. తగ్గినచో డిస్టిల్డ్ వాటరు మాత్రమే గుర్తువరకు పోయవలెను. ఆవిరియగునది నీరే కాని ఆమ్లము కాదు; కనుక ఆమ్లము పోయుట తప్పు, కుళాయినీరు పోయుటయు తప్పే. టెర్మినళ్ళమీద తెల్లగానో పచ్చగానో పేరుకొన్న పొడిని, మూతలు గట్టిగా బిగించి, వంటసోడా కలిపిన నీటితో కడిగి, తుడిచి, వేజలీను పూయవలెను. తీగలు విప్పునప్పుడు కారు శరీరమునకు కలిపిన తీగను మొదట విప్పి, బిగించునప్పుడు దానిని చివర బిగించవలెను. కొన్ని పాత బ్రిటిషు కార్లలో ధనధ్రువమే శరీరమునకు కలుపబడియుండును. కనుక అలవాటును నమ్మక కంటితో చూచి తెలిసికొనవలెను. బ్యాటరీ చార్జి అగునప్పుడు హైడ్రోజను వాయువు వెలువడును. అది నిప్పు తగిలిన ప్రేలును. చార్జి అగుచున్న బ్యాటరీవద్ద బీడీ వెలిగించుట ఎంత ప్రమాదమో, బానెటు ఎత్తి కర్పూరహారతి పట్టుటయు అంతే ప్రమాదము. భక్తియైనను తెలివితో కూడినదై యుండవలెను.

ఇంజను సంగతి ఇంతకంటె లోతైనది. ఇంజనుకు ప్రాణము వంటిది ఆయిలు. అది రాపిడిని తగ్గించును, వేడిని మోసికొనిపోవును, తుప్పును ఆపును, మసిని తనలో నింపుకొనును. ఆయిలు నల్లబడినదని చూచినవారు దానిని అసహ్యించుకొందురు. ఇంజనులోని మాలిన్యమును తాను భరించుటచేతనే అది నల్లబడినది. దాని పని తీరినది, ఇక దింపి క్రొత్తది పోయవలసినదని మాత్రమే ఆ నలుపునకు అర్థము. ఇట్టి పాత ఇంజనులకు సుమారు 5,000 కిలోమీటర్లకు ఒకసారి, కారు తక్కువగా తిరిగినచో కనీసము ఏడాదికి ఒకసారి, ఫిల్టరుతో సహా మార్చుట మంచిది. "కారు తిరుగలేదు కదా, ఆయిలు ఎందుకు మార్చవలెను?" అని అడుగువారు పలువురు. తిరుగని కారులోనే ఆయిలు ఎక్కువ చెడును.

దీనికి కారణము ఇది. ఒక లీటరు పెట్రోలు మండినచో దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిరూపమున పుట్టును. ఇంజను బాగుగా వేడెక్కినప్పుడు ఆ ఆవిరి పొగగొట్టము వెంబడి పోవును. ఇంజను చల్లగా ఉన్నప్పుడు కొంత ఆవిరి లోపలనే నీరై, ఆయిలులో కలసి, ఆమ్లమునకును జిడ్డుమడ్డికిని కారణమగును. వారమునకొకసారి ఇంటిముందే అయిదు నిమిషములు ఇంజను ఆడించి ఆపివేయువారు మేలు చేయుచున్నామని తలంతురు. చేయునది కీడు. ఆ అయిదు నిమిషములలో ఇంజను వేడెక్కదు. మండని పెట్రోలు ఆయిలును పలుచన చేయును. పాతకార్లలోని డైనమో నెమ్మదిగా తిరుగుచు, స్టార్టరు తీసికొన్నదానిని బ్యాటరీకి తిరిగి ఈయజాలదు. అరగంటసేపు రోడ్డుమీద నడిపినప్పుడే ఇంజనుకును బ్యాటరీకిని మేలు కలుగును. తెనాలినుండి రేపల్లెకు గల 30 కిలోమీటర్లకు పైబడిన దారి ఇట్టి పనికి సరిపోవును. మొక్కుబడికి చేసిన సేవ చేయనిదానికంటె చెడ్డదగుట ఇచ్చట ప్రత్యక్షముగా చూడవచ్చును.

తక్కిన పనులు చిన్నవి. ఉదయమున ఇంజను ఆడింపకముందే, సమతలమున నిలిపి, గేజికడ్డీతో ఆయిలు మట్టము చూచుట. రేడియేటరులో శుభ్రమైన నీరు, కూలెంటు ఉన్నవో లేదో చూచుట, వేడిమీద దాని మూత తీయకుండుట. ఫ్యానుబెల్టు బిగువు చూచుట. ఎయిర్‌ఫిల్టరు దుమ్ము దులుపుట. ప్లగ్గులు శుభ్రము చేయుట. వాల్వుల సందు సరిచూచుట. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్ల నడుమ ఉండవలసిన సందు చాల కార్లలో ఒక మిల్లీమీటరులో సగము కూడ లేదు. ఫీలరుగేజి అను పలుచని రేకుతో కొలిచినగాని అది తెలియదు. అంత చిన్న సందు చెడినచో టన్నుకుపైగా బరువుగల వాహనము కదలదు.

ఈ మూడు పట్టణములలో పోషణ ఒకే తీరున ఉండదు. తెనాలి నడుమ కృష్ణా కాలువలు పారుచున్నవి. గాలిలో తేమ హెచ్చు. అందుచేత గుడ్డను నేలకు తగులునట్లు కప్పి నెలలకొలది విప్పకున్న లోపల తుప్పు పుట్టును. బాపట్లకు సూర్యలంక సముద్రతీరము దాపుననే కలదు. ఉప్పుగాలి తీగల చివరలను, టెర్మినళ్ళను తినివేయును. అచ్చట మంచినీటితో కడిగి ఆరబెట్టుట ముఖ్యమైన పని. రేపల్లె కృష్ణానది సముద్రమున కలియు ప్రాంతమునకు చేరువ. వరదలకును, తుపానులకును అలవాటుపడిన సీమ. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. 2024 సెప్టెంబరు ఆరంభమున ప్రకాశం బ్యారేజినుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద దిగువకు పోయినది. ఇట్టి సమయములలో నీట మునిగిన కారును ఆత్రముతో స్టార్టు చేయుట దానిని చంపుటయే. నీరు గాలివలె నొక్కుకొనదు. సిలిండరులో నీరున్నప్పుడు పిస్టను పైకి వచ్చినచో కనెక్టింగురాడ్డు వంగును. మొదట బ్యాటరీ తీగ విప్పవలెను, ప్లగ్గులు తీయింపవలెను, ఆయిలు పాలవలె తెల్లబడినదేమో చూచి మార్పింపవలెను. తొందరపడకుండుట కూడ పోషణలో భాగమే.

కాలమును బట్టి పోషణ మారవలసియుండును. ఒకప్పుడు పెట్రోలులో సీసము కలుపుచుండిరి. పాత ఇంజనుల వాల్వుసీట్లు ఆ సీసపు పొర ఆధారముగా అరగక నిలచుచుండెను. 2000 ఫిబ్రవరినుండి మన దేశములో సీసము లేని పెట్రోలే అమ్ముచున్నారు. కొందరు పాతకార్లవారికి అది ఇబ్బందియైనది. గట్టి వాల్వుసీట్లు వేయించుకొనవలసివచ్చినది. ఇప్పుడు పెట్రోలులో ఇథనాలు కలియుచున్నది. 2025 నాటికి దేశమున ఆ పాలు 20 శాతమునకు చేరినది. ఇథనాలు తేమను లాగికొనును, పాత రబ్బరు గొట్టములను చెరచును. కనుక పాత గొట్టములను మార్చుకొనవలెను, పెట్రోలును నెలలతరబడి ట్యాంకులో నిలువయుంచరాదు. "మా కాలపు పెట్రోలే మేలు" అని వగచుటచే ప్రయోజనము లేదు. సీసము తీసివేయబడినది బిడ్డల మెదడును, మనుష్యుల ఆరోగ్యమును కాపాడుటకు. ఒక ఇంజను సుఖముకంటె ఒక బిడ్డ ఆరోగ్యము మిన్న అని లోకము నిర్ణయించుకొన్నది. ఆ నిర్ణయము న్యాయమైనది.

ఇంతవరకు చెప్పిన పనులను గమనించినచో వానిలో ఒక సామాన్యలక్షణము కనబడును. వీనిలో ఏదియు పైకి కనబడదు. ఏదియు ఒకసారి చేసిన ముగియదు. సరిగా చేసినచో ఏమియు జరుగదు. కారు ఎప్పటివలె నడచును, అంతే. చేయనప్పుడే లోకమునకు తెలియును. పొగడ్తకు చోటులేని ఇట్టి పనిని మనుష్యుడు ఏ బలముతో చేయవలెను?

పన్నెండవ శతాబ్దిలో కల్యాణ పట్టణమున బసవేశ్వరుడును, శరణులును ఈ ప్రశ్నకు కాయకము అను మాటతో సమాధానము చెప్పిరి. పాల్కురికి సోమనాథుని బసవపురాణము చదివినవారికి మడివాలు మాచయ్య చరిత్ర తెలియనిది కాదు. ఆయన కాయకము బట్టలుతుకుట. ఉతికిన బట్ట రేపు మరల మాయును, మరల ఉతుకవలెను. దానికి అంతము లేదు. శాసనములో చెక్కదగిన కట్టడమేదియు ఆ పనివలన లేవదు. అయినను శరణులు ఆ పనిని తక్కువ చేయలేదు. దానిని చేయువానిని తమలో ఎత్తున నిలిపిరి. క్రొత్తదానిని సృష్టించు పనికిని, ఉన్నదానిని శుభ్రముగా నిలుపు పనికిని వారు భేదము పెట్టలేదు. ఈ దృష్టితో చూచినచో టెర్మినలు తుడుచు గుడ్డకును, దండలోని పువ్వునకును నడుమ ఏది పూజాద్రవ్యమో నిర్ణయించుట కష్టము కాదు.

అయితే ఇచ్చట ఆగినచో విచారణ సగమే అగును. పోషణ ఎవరు చేయుచున్నారు? దాని మాలిన్యము ఎవరిమీద పడుచున్నది? కారు మెరయుచున్నప్పుడు ప్రశంస యజమానికి చేరును. ఆమ్లపు చుక్కలచే చిల్లులుపడిన చొక్కా, గోళ్ళలో ఇంకిన నల్లని ఆయిలు షెడ్డులోని పనివానికి మిగులును. "చిన్న పనియే కదా" అని అతని కూలిని బేరమాడుటయు కలదు. బ్యాటరీ ముట్టుకొనువానికి చేతితొడుగులు, కంటి అద్దములు ఇచ్చుట, ఆమ్లము కలుపవలసివచ్చినప్పుడు నీటిలోనే ఆమ్లమును మెల్లగా పోయవలెను కాని ఆమ్లములో నీరు పోయరాదని తెలుపుట, అన్నము తినకముందు సబ్బుతో చేతులు కడుగుకొనునట్లు చూచుట, కూలి పూర్తిగా, వేళకు ఇచ్చుట — ఇవియు కారు పోషణలోనివే. ఇంజనుకు మంచి ఆయిలు పోసి పనివానికి అరకూలి ఇచ్చువాడు పోషకుడు కాడు.

దింపిన ఆయిలు ఎచ్చటికి పోవుచున్నది అనునది మరియొక ప్రశ్న. కాలువగట్టున పోసినచో కంటికి దూరమగును. కాని కృష్ణా పశ్చిమ డెల్టాలో తెనాలిమీదుగా పారు నీరు దిగువ పొలములకే పోవును. పైనున్నవాడు వదిలించుకొన్నది క్రిందనున్నవాని చేనికి చేరును. వాడిన ఆయిలును ప్రమాదకర వ్యర్థముగా పరిగణించి 2016 నిబంధనలు దానిని అనుమతిగలవారికే అప్పగింపవలెనని చెప్పుచున్నవి. నిబంధన లేకున్నను ధర్మము ఉండనే ఉన్నది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, వాడిన ఆయిలు సేకరించువారికి చేర్చుట పెద్ద శ్రమ కాదు.

పాత బ్యాటరీ సంగతి ఇంతకంటె తీవ్రమైనది. దాని బరువులో సగమునకుపైగా సీసమే. సరియైన కర్మాగారమునకు చేరినచో ఆ సీసము దాదాపు అంతయు మరల క్రొత్త బ్యాటరీ అగును. నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చునని అనుమతిలేని చోట అమ్మినచో, అచ్చట దానిని పగులగొట్టి, ఆమ్లమును నేలపాలు చేసి, బహిరంగముగా సీసమును కరగింతురు. ఆ పొగయు, ఆ ధూళియు పనివాని బట్టల వెంబడి అతని ఇంటికి పోవును. సీసము ఇంత మోతాదువరకు ప్రమాదము లేదని చెప్పుటకు వీలులేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ప్రపంచమున సుమారు 80 కోట్లమంది పిల్లల రక్తములో హానికరమైన స్థాయిలో సీసము ఉన్నదనియు, పాత బ్యాటరీలను సరిగా శుద్ధి చేయకపోవుట దానికి ముఖ్యకారణములలో ఒకటియనియు యునిసెఫ్ 2020లో ప్రకటించిన నివేదిక తెలిపినది. పెట్రోలులోనుండి సీసమును తీసివేసినది పిల్లలకొరకు. ఆ సీసమునే పాత బ్యాటరీ ద్వారా మరియొక పిల్లవాని ఇంటికి పంపినచో చేసిన మేలేమి? 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థముల నిబంధనలు పాతవానిని తిరిగి సేకరించు బాధ్యతను ఉత్పత్తిదారులమీద పెట్టినవి. క్రొత్త బ్యాటరీ కొన్న దుకాణమునకే పాతదానిని ఇచ్చి రసీదు పుచ్చుకొనుట యజమాని వంతు. ఆ రసీదు కూడ పూజగదిలో పెట్టదగినదే.

ఇంతయు విన్న తరువాత ఒకరు ఇట్లడుగవచ్చును. ఒక పాతకారుకై ఇంత శ్రమయా? ఆ ధనముతో ఒక పేదవిద్యార్థికి పుస్తకములు కొనరాదా? పొగ శుద్ధిచేయు సాధనము లేని పాత ఇంజనును రోడ్డుమీద త్రిప్పుట పొరుగువారికి అపకారము కాదా? ఈ ఆక్షేపణ తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. పాతకారు క్రొత్తకారుకంటె ఎక్కువ పొగ వదలుననుట నిజము. ఇతరులకు ఈయవలసినది ఈయక కారుకు ఖర్చుచేయుట అధర్మమనుటయు నిజము. 2021లో కేంద్రప్రభుత్వము చేసిన నిబంధనలలో, ఏబది ఏండ్లు దాటి మూలరూపము చెడక నిలచి, పురాతన వాహనములుగా ప్రత్యేకముగా నమోదైనవానిని ప్రదర్శనలకును, పరిశోధనకును, ఇంధనమునకును, మరమ్మతులకును తప్ప మామూలుగా రోడ్డుమీద త్రిప్పరాదని చెప్పబడినది. నిలుపుటకు అనుమతి, విచ్చలవిడిగా త్రిప్పుటకు హద్దు — ఈ రెండును కలసిన ఆ మార్గము వివేకమునకు దగ్గరగా ఉన్నది.

కావున పాతకారు ఉంచుకొనుట పుణ్యము కాదు, పాపమును కాదు. ఉంచుకొన్నచో సరిగా ఉంచుకొనుట ధర్మము. దానిని వారమునకు ఒక గంట పోషింపగల తీరిక, పొగ హద్దు మీరకుండ చూడగల శ్రద్ధ, పనివానికి న్యాయమైన కూలి ఈయగల శక్తి, తీసివేసిన ఆయిలును బ్యాటరీని తగినచోటికి చేర్చగల ఓపిక ఉన్నవాడు ఉంచుకొనవచ్చును. ఇవి లేనివాడు ఉన్నవానికి అప్పగించుట మేలు. అదియు కుదరనప్పుడు ప్రభుత్వానుమతిగల తుక్కుకేంద్రమునకు పంపుట తప్పు కాదు. పోషింపలేనిదానిని వదలుట ఓటమి కాదు. పోషింపక పట్టుకొని వ్రేలాడుటయే ఓటమి. తెనాలిలోని సూర్య శిల్పశాలవారు పనికిరాదని పారవేసిన నట్లు, బోల్టులు, ఇనుపముక్కలతోనే విగ్రహములు చేసి, 2021లో ఆ విధముగ నిర్మించిన ప్రధానమంత్రి విగ్రహముతో దేశము దృష్టిని ఆకర్షించిరి. కారుగా పనికిరాని ఇనుము కూడ మరియొక రూపమున బ్రతుకగలదని ఆ ఊరు చూపినది. గుడ్డక్రింద తుప్పుపట్టుటకంటె అది గౌరవమైన ముగింపు.

చివరకు ప్రశ్న కారునుగూర్చినది కాదు. ఇంటిలో వృద్ధులైన తల్లిదండ్రులకు పుట్టినరోజునాడు పూలదండ వేసి తక్కిన దినములలో మందు వేళకు ఇచ్చినవో లేదో అడుగనివారు కలరు. ఊరిచెరువుకు ఏడాదికొకసారి హారతి ఇచ్చి, మరునాడే అందులో చెత్త పోయువారు కలరు. సంఘములకు వార్షికోత్సవములు జరిపి, మధ్యకాలమున లెక్కలు చూడనివారును కలరు. పూజ తప్పు కాదు. పోషణకు బదులుగా నిలిచిన పూజయే తప్పు. యంత్రము ఈ భేదమును మొగమాటము లేక చెప్పును. మనుష్యులు దండకు మురిసి లోపలి కొరతను దాచుకొందురేమో కాని బ్యాటరీ దాచుకొనదు. తాళపుచెవి త్రిప్పినంతనే నిజము చెప్పును.

వచ్చు దసరాకు కారు కడుగుటకు ముందు బానెటు ఎత్తి చూచువాడు ఒకడుండవచ్చును. ఆయిలు గుర్తుకు సరిగా ఉన్నది. టెర్మినళ్ళు శుభ్రముగా ఉన్నవి. దింపిన పాత ఆయిలు డబ్బాలో మూతతో భద్రముగా ఉన్నది. షెడ్డులోని పనివానికి బాకీ లేదు. అట్టివాడు దండ వేయుట మరచినను లోపము లేదు. అతని పూజ ఏడాది పొడుగునను జరుగుచునే వచ్చినది.